నీలిగీత వెంట: నాగావళి ఒడ్డు నుంచి పెద్ద చెరువు దాకా

శుక్రవారం, శ్రీకాకుళం

కార్తీక మాసం కావడంతో ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడి ముందు అరటి దొప్పలూ ఒత్తులూ అమ్మేవాళ్లు తెల్లవారకముందే బారులు తీరి కూర్చున్నారు. నాగావళిలో మునిగి దీపం వదలడానికి వచ్చినవాళ్లతో మెట్లు కిక్కిరిసి ఉన్నాయి. నేను వచ్చిన పని మాత్రం అక్కడికి కొంత దూరంలో, ఏటి గట్టుకు ఆనుకున్న ఒక వీధిలో ఉంది. ఆ వీధివాళ్లు తమ ఇళ్ల గోడల మీద ముంపు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో అంత ఎత్తున నీలిగీత గీసుకున్నారనీ, గీత పైన ఎవరి బొమ్మ వాళ్లే వేసుకున్నారనీ పరిచయస్థుడైన ఒక డ్రాయింగు మాస్టారు ఫోటోలు పంపారు. ఆ గోడల్ని కళ్లారా చూడాలని బయలుదేరాను.

పాత వంతెన దగ్గర టీ తాగి (పన్నెండు రూపాయలు, అల్లం బాగా దట్టించారు), "బొమ్మలు వేసిన గోడలెక్కడ?" అని అడిగితే ఆటో ఆయన ఎంతో నమ్మకంగా తీసుకెళ్లి పొడవాటి ఒక ప్రహరీ ముందు దించాడు. అక్కడ బొమ్మలకు కొదవ లేదు. పచ్చని చెట్టు, నవ్వుతున్న భూగోళం, తడి చెత్త పొడి చెత్త డబ్బాలు, "నీటిని కాపాడండి" అనే పెద్ద అక్షరాలు, అన్నీ చక్కగానే గీశారు. కానీ ఆ గోడ కింద కాలువ మట్టితోనూ పాల కవర్లతోనూ నిండి, నీళ్లు కదలక నల్లగా నిలిచి ఉంది. ఆ గోడకూ ఆ కాలువకూ మధ్య ఏ సంబంధమూ లేదు. ఇలాంటి గోడలు మన రాష్ట్రంలో ఏ ఊళ్లో చూసినా ఒకేలా ఉంటాయి. ఏ ఊరి నీరు ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో వాటిని చూస్తే తెలియదు.

నేను వెతికిన వీధి అక్కడికి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉంది. మొదటి ఇంటి దగ్గర నీలిగీత నా మోకాలి ఎత్తున మొదలైంది. నాలుగిళ్లు దాటేసరికి నడుము పైకి వచ్చింది. వీధి చివర, గట్టు మలుపులో ఉన్న రేకుల ఇంటి దగ్గర నా భుజాన్ని తాకింది. గీత ఎక్కడా వంగలేదు, వీధే పల్లంలోకి దిగింది. రోజూ నడిచేవాళ్లకు కాళ్లకు తెలియని ఆ వాలు, గీత పక్కన నడిస్తే కంటికి కనిపిస్తుంది. ఆ గీతను సమంగా గీయడానికి ఆ వీధిలోనే ఉండే తాపీమేస్త్రి తన లెవెల్ పైపు తెచ్చాడట. పారదర్శకంగా ఉండే సన్నని పైపులో నీళ్లు పోసి, రెండు కొసలూ రెండు గోడలకు ఆనించి, నీరు నిలిచిన చోట బొగ్గుతో గుర్తు పెడుతూ పోయారు. ముంపు జాడ తెలిసిన ఒక్క ఇంటి నుంచి మొదలుపెట్టి, మిగతా అన్ని ఇళ్ల ఎత్తూ నీటితోనే కొలిచారన్నమాట.

గీత పైన ప్రతి ఇల్లూ తాను ఆ రోజు ముందుగా పైకెత్తి కాపాడుకున్న వస్తువును బొమ్మగా వేసుకుంది. ఒక గోడ మీద కుట్టుమిషను. ఇంకో గోడ మీద కోళ్ల గంప, దాని కంతల్లోంచి తొంగిచూస్తున్న మూడు ముక్కులు. ఒక ఇంటి మీద ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితాల కట్ట ఉంది. అవి పదో తరగతి సర్టిఫికెట్లనీ, వాటిని తల మీద పెట్టుకుని గట్టెక్కాననీ ఆ ఇంటి అమ్మాయి చెప్పింది. ఆ బొమ్మల్లో కొలతలు సరిగా లేవు, కుట్టుమిషను చక్రం కోలగా ఉంది, మేక మంచం కన్నా పెద్దదిగా ఉంది. అయినా ఒక్కో బొమ్మ ముందు నేను ఆగినంతసేపు ఆ పెద్ద ప్రహరీ మొత్తం ముందు ఆగలేదు.

రేకుల ఇంటి ముసలావిడ నన్ను చూసి బయటికి వచ్చింది.

"ఏటి బావూ, గోడనేటి సూస్తన్నావు? మీదే ఊరు?"

చెప్పాను.

"ఆ రేతిరి ఈ మంచం తేలిపోనాది బావూ. ఏరు ఇటు రాలేదు, కాలవే ఎనక్కొచ్చినాది. ఏటికి నీరెక్కువైపోతే మా కాలవ నీరు ఎక్కడికెల్తాది?"

ఆ ముంపు గుట్టంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. వీధి కాలువలు ఏట్లో కలవాలి. ఏటి మట్టం కాలువ నోటి కన్నా పైకి లేస్తే కాలువ నీరు ముందుకు పోలేక వీధిలోకే తిరిగి వస్తుంది. నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి సుమారు 256 కిలోమీటర్లు మాత్రమే ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. పుట్టుక కొండల్లో, దారి చిన్నది కాబట్టి ఎగువన కురిసిన వాన త్వరగానే కిందికి చేరుతుంది. పైన ఏరు నిండి వస్తున్నప్పుడే ఊళ్లోనూ వాన కురిస్తే ఆ వీధికి రెండు వైపులా దారి మూసుకుపోతుంది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి గురించి ఆ వీధిలో అందరూ మాట్లాడతారు.

భోజనం వాళ్లింట్లోనే చేయవలసి వచ్చింది. హోటల్లో తింటానంటే ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంది. పెండలం పులుసు, ఆవ పెట్టిన అరటికాయ కూర, మజ్జిగ. కార్తీకమని నీచు ముట్టడం లేదనీ, మరో నెలలో వచ్చి ఉంటే చేపల పులుసు పెట్టేదాన్ననీ రెండుసార్లు చెప్పింది. డబ్బు మాటెత్తే ధైర్యం నాకు లేకపోయింది. వెళ్లేటప్పుడు పిల్లల చేతిలో పండ్లు పెట్టి వచ్చాను.

శనివారం, కళ్లేపల్లి

మాస్టారు తన దగ్గర బొమ్మలు నేర్చుకునే పిల్లలను ఏరు సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్తున్నారంటే నేనూ వెంట వెళ్లాను. రెండు ఆటోలకు రానుపోనూ పద్నాలుగు వందలు. మా ఆటో శ్రీకూర్మం రోడ్డెక్కి చాలా దూరం పోయాక ఒక రైతు ఆపి దారి చెప్పారు. వెనక్కి తిరిగి, వరి కోతకు వచ్చిన మళ్ల మధ్య ఇరుకు రోడ్డు మీదుగా కళ్లేపల్లి చేరాం.

ఇక్కడ మణినాగేశ్వరస్వామి గుడి ఉంది. కరువు వచ్చినప్పుడు బలరాముడు నాగలితో భూమిని చీల్చి నాగావళిని పారించాడనీ, ఆ ఏటి వెంట పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి అనే అయిదు చోట్ల శివలింగాలను ప్రతిష్ఠించాడనీ ఇక్కడివాళ్ల నమ్మకం. మాస్టారు ఈ కథను ఎంత చక్కగా వాడుకున్నారో చెప్పాలి. ఇసుకలో ఒక అబ్బాయి చేత కర్రను నాగలిలా లాగించి పొడవాటి చాలు తీయించారు. అయిదు గుళ్లుగా అయిదుగురు పిల్లలు చాలు పక్కన నిలబడ్డారు. గుంప పిల్లవాడి దగ్గర జంఝావతి వచ్చి కలిసింది. సంగాం పిల్ల దగ్గర వేగావతి, సువర్ణముఖి కలిశాయి. ఒక్కో ఉపనది పేరు చెప్పినప్పుడల్లా ఒక బకెట్టు నీళ్లు చాలులో పోశారు. మధ్యలో ఇంకో అబ్బాయి తోటపల్లి బ్యారేజీగా కాళ్లు బార చాపి కూర్చున్నాడు. శ్రీకాకుళం దగ్గరికి వచ్చేసరికి చాలు ఒడ్డులు తెగి, అక్కడ నిలబడ్డ అమ్మాయి కాళ్లు తడిశాయి. "మనకు వాన పడకపోయినా నీళ్లెందుకు వచ్చాయి?" అని మాస్టారు అడిగితే పిల్లలందరూ ఒకేసారి ఎగువకు చేయి చూపించారు. పుస్తకంలో ఒక పేజీ నిండా రాసినా ఆ సంగతి అంత స్పష్టంగా అర్థం కాదు.

వలలు బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన ఇదంతా చూసి లేచి వచ్చి, "కింద కూడా మూసేయండి బాబూ" అన్నాడు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఏరు నోటి దగ్గర నీరు ఆగుతుందనీ, ఇసుక మేట పెరిగిన ఏడాది మరీ నెమ్మదిగా దిగుతుందనీ చెప్పి, తానే చేత్తో ఇసుక తోసి చాలు చివర సగం మూశాడు. మళ్లీ నీళ్లు పోయించారు. ఈసారి శ్రీకాకుళంతో పాటు కళ్లేపల్లి పిల్లవాడూ తడిశాడు. మాస్టారి పాఠంలో లోటుగా ఉన్న భాగాన్ని ఆయన పూర్తి చేశాడు. కళాకారుడు చెప్పి తక్కినవాళ్లు వినే పని ఇది కాదని నాకు అక్కడే రుజువైంది.

ఒడ్డున పేరుకున్న కవర్లలో శ్రీకాకుళం దుకాణాల పేర్లు చదువుతూ పిల్లలు చాలాసేపు తిరిగారు. అందరం ముర్రీ మిక్చరు తిని (పొట్లం ఇరవై), ఆ పొట్లం కాగితాలు మళ్లీ సంచిలో వేసుకుని బయలుదేరాం.

అదే సాయంత్రం, శ్రీకూర్మం

విష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే గుడి ఇది. తూర్పునా పడమరా రెండు ధ్వజస్తంభాలు ఉండడం, ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లను పెంచడం చాలామందికి తెలిసిన సంగతులే. నన్ను ఆపినవి మాత్రం ప్రదక్షిణ మండపం గోడల మీది పాత వర్ణచిత్రాలు. కొన్ని వెలిసిపోయాయి, కొన్నిటి మీద చెమ్మ పాకింది. అయినా ఎరుపూ పసుపూ ఇంకా పలుకుతున్నాయి. తాబేళ్ల దగ్గర కూర్చున్న పిల్లలు ఒక్కొక్కరూ డిప్ప మీది నక్షత్రాలను లెక్కపెట్టి నోటుబుక్కుల్లో గీసుకున్నారు.

ఆ తాబేలే మర్నాటి పనికి ఆధారం. శ్రీకాకుళంలో ఆ నీలిగీత వీధి మొదట్లో ఉన్న కల్వర్టు గోడకు నీటి మట్టం కొలిచే గుర్తు పెట్టాలని అక్కడి ఆడవాళ్లు కోరారు. అంకెలు వేస్తే చదువురానివాళ్లకు తెలియదు, రాత్రిపూట టార్చి వెలుగులో కనిపించవు. అందుకని పెద్ద తాబేలు బొమ్మ వేద్దామన్నది ఒక ఎనిమిదో తరగతి పిల్ల ఆలోచన. నీరు తాబేలు పాదాలకు వస్తే సామాను అటక ఎక్కించాలి. పొట్టకు వస్తే ముసలివాళ్లనూ పసివాళ్లనూ బడికి పంపాలి. డిప్ప మునిగేలోపు వీధి ఖాళీ కావాలి. మందర పర్వతాన్ని మోసిన కూర్మం కథ అందరికీ తెలుసు కనుక ఈ సంకేతం ఎవరికీ రెండోసారి చెప్పనక్కర్లేదు.

ఆదివారం, శ్రీకాకుళం

పొద్దున ఏడింటికే కల్వర్టు దగ్గర జనం చేరారు. ముందు గోడ కాదు, కాలువ. మాస్టారు పెట్టిన నియమం ఇది: ఎవరు బొమ్మ వేయాలన్నా ముందు కల్వర్టు కింద పూడిక తీయాలి. పలుగులు, గమేళాలు, కాళ్లకు గోనెసంచులు. తీసిన మట్టిలో సగం కవర్లే. తవ్విన పూడికను గట్టు మీదే వదిలితే మళ్లీ వానకు లోపలికే జారుతుందని ఒక ట్రాక్టరు మాట్లాడారు. దానికే ఎనిమిది వందలయింది. రంగులకయిన ఖర్చు అంతకన్నా కాస్త ఎక్కువ, అంతే. ఎనామిల్ రంగు మెరుస్తుంది కానీ చెమ్మ గోడ మీద పొరలుగా లేస్తుందని తాపీమేస్త్రి వద్దన్నాడు. సున్నంలో నీలిమందు, జేగురు, కొంచెం జిగురు కలిపి ఏటేటా దసరాకు మళ్లీ పూయడమే మేలన్నాడు. గోడ మీద ఉన్న పాత పాకుడును ఇనుప బ్రష్షుతో గీకి, ఒకసారి పలుచని సున్నం కొట్టి, అది ఆరేలోపు అందరికీ చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ, ఊరమిరపకాయ పంచారు. ఎండలో ఆ అంబలి తాగినప్పుడు కలిగిన హాయి ఇంకా నాలుక మీద ఉంది.

రంగుల డబ్బు గురించి ముందు వారం ఒక గొడవ జరిగిందట. ఒక పెద్దమనిషి మొత్తం ఖర్చు భరిస్తానని ముందుకొచ్చి, తాబేలు పక్కన తన ఫోటో, పేరు వేయాలన్నాడు. ఆడవాళ్లు ఇంటింటికీ యాభై రూపాయలు వేసుకుని ఆ సాయం మర్యాదగానే వద్దన్నారు. "పేరు రాస్తే తాబేలు ఆయనదైపోద్ది బావూ. వాన మాది గదా" అని రేకుల ఇంటి ముసలావిడ కోడలు నాతో అంది.

మేము విజయవాడలో ఉంటాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలను ముంచెత్తినప్పుడు గోడల మీద మిగిలిన మట్టి చారలను నేను చూశాను. ఆ తరువాత వచ్చిన పండగలకు సున్నాలు వేసుకున్నారు, చారలు పోయాయి. అది సహజం. ఆ కష్టాన్ని రోజూ చూస్తూ బతకాలని ఎవరికుంటుంది? కానీ అద్దెకు కొత్తగా వచ్చినవాళ్లకు, స్థలం కొనడానికి వచ్చినవాళ్లకు, ఆ ఎత్తు ఎంతో చెప్పేది కూడా చారలతో పాటే పోయింది. న్యూయార్కులో ఈవ్ మోషర్ అనే కళాకారిణి 2007లో సముద్ర మట్టానికి పదడుగుల ఎత్తును గుర్తించి, ఆటస్థలాల్లో సుద్దగీతలు గీసే బండిని తోసుకుంటూ బ్రూక్లిన్, దిగువ మన్‌హాటన్ వీధుల వెంట మైళ్ల కొద్దీ గీత గీసింది. దారిలో ఆపి అడిగిన ప్రతివారితోనూ మాట్లాడింది. అయిదేళ్ల తరువాత, 2012లో, శాండీ తుపాను వచ్చినప్పుడు నీరు ఆ గీత పరిసరాల్లో చాలాచోట్లకు చేరింది. మాస్టారికి ఈ సంగతి చెబితే, "ఆవిడ రాబోయే నీటికి గీసింది, మేం వచ్చిన నీటికి గీస్తున్నాం, రెండూ కావాలి" అన్నారు.

మధ్యాహ్నానికి తాబేలు తయారయింది. డిప్ప మీద శ్రీకూర్మంలో లెక్కపెట్టిన నక్షత్రాలనే పిల్లలు వేశారు. కన్ను మాత్రం ఎవరు వేయాలన్నది చాలాసేపు తేలలేదు. చివరికి ఆలోచన చెప్పిన పిల్లకే బ్రష్షు ఇచ్చారు.

సోమవారం, విజయనగరం

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర దిగగానే పైడితల్లి అమ్మవారి గుడి. కార్తీక సోమవారం కావడంతో శివాలయాల వైపే జనం ఎక్కువ. ఈ ఊరికి చెరువుతో ఉన్న బంధం మామూలుది కాదు. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగిన తరువాత అమ్మవారు పెద్ద చెరువులో వెలిసిందనీ, జాలరులు వలవేసి విగ్రహాన్ని బయటికి తీశారనీ చెబుతారు. అందుకే ఏటా విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరిగే సిరిమానోత్సవంలో సిరిమాను ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథంతో పాటు జాలరి వల కూడా నడుస్తుంది. తరువాత పెద్ద చెరువులో తెప్పోత్సవం. దేవతనే చెరువు ఇచ్చిందని నమ్మే ఊళ్లో చెరువు గట్టున చెత్త పోయడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ఇక్కడ కాలేజీ పిల్లలు కొందరు అయ్యకోనేరు పరిసరాల్లో కాలువ జాలీల ముందు ముగ్గుతో చేప బొమ్మలు వేస్తున్నారని మాస్టారు చెప్పారు. కెనడాలో 1991లో రోడ్డు కాలువల మూతల పక్కన పసుపు చేప గుర్తు వేసే కార్యక్రమం మొదలైంది. ఇందులో పోసింది నేరుగా చేపల దగ్గరికే పోతుందని అర్థం. ఇక్కడి పిల్లలు దాన్ని చుక్కల ముగ్గుగా మార్చారు. పొద్దున్నే వాకిలి ఊడ్చే ఆడవాళ్లే జాలీ ముందు కూడా ఊడ్చి, తమ ఇంటి ముగ్గుతో పాటు చేప ముగ్గూ వేస్తున్నారు. ముగ్గు వేసిన చోట చెత్త పోయడానికి మన వీధుల్లో ఎవరికీ చేయి రాదు. ఏ హెచ్చరిక బోర్డూ చేయలేని పని గుప్పెడు ముగ్గుపిండి చేస్తోంది.

మంగళవారం, విజయనగరం

ఇక్కడి అసలు పని తెల్లవారుజామున నాలుగింటికి, బళ్లు తిరగకముందు మొదలయింది. వానొస్తే నిండిపోయే ఒక కూడలి దగ్గర, ఆ పేటలో పుట్టి పెరిగిన పెద్దవాళ్లను నలుగురిని కుర్చీల్లో కూర్చోబెట్టి, వాళ్లు చెప్పిన ప్రకారం రోడ్డు మీద పాత నీటి దారులను ముగ్గుతో గీయడం ఆ పని. "ఇక్కడ మదుం (తూము) ఉండేది." "కాదు, అది కొబ్బరిచెట్టు పక్కన." "గెడ్డ (వాగు) ఇటు తిరిగి చెరువులో పడేది, మేం ఈత కొట్టేవాళ్లం." పెద్దవాళ్లు ఒకరినొకరు దిద్దుకుంటుంటే అమ్మాయిలు వంగి గీస్తూ, చెరుపుతూ, మళ్లీ గీస్తూ పోయారు. తెల్ల పిండితో ఇప్పటి రోడ్లు, నీలం రంగు కలిపిన పిండితో అప్పటి గెడ్డ. ఆరు గంటలకు చూస్తే నీలిదారి సిమెంటు రోడ్డును రెండుసార్లు దాటి, ఒక రెండంతస్తుల మేడ గుమ్మం దగ్గర ఆగి, దాని వెనక మళ్లీ మొదలయింది.

ఆ మేడ యజమాని పళ్లు తోముకుంటూ బయటికి వచ్చి చూశాడు. గొంతు లేచింది. తన ఇంటికి రిజిస్ట్రేషను ఉందనీ, పన్ను కడుతున్నాననీ, గెడ్డను తానేమీ మింగలేదనీ అరిచాడు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. ఆయన కొన్నది ఇరవయ్యేళ్ల కిందట, అప్పటికే అక్కడ ప్లాట్లు వేసి అమ్మేశారు. ముగ్గు వేస్తున్న అమ్మాయిల్లో ఒకరు భయపడి డబ్బా కింద పెట్టేశారు. కుర్చీలో ఉన్న పెద్దాయన మాత్రం లేచి వెళ్లి, "నువ్వు మింగావని ఎవరన్నారు నాయనా? వానాకాలం మీ ఇంట్లోకి నీళ్లొస్తాయా రావా, అది చెప్పు" అన్నాడు. యజమాని కాసేపు మాట్లాడలేదు. ఎవరో ఇద్దరికీ టీ తెచ్చి ఇచ్చారు. మన ఊళ్లలో చేతిలో టీగ్లాసు ఉన్న మనిషి పెద్దగా అరవలేడు.

నీళ్లు వస్తాయట. ప్రతి పెద్ద వానకూ వంటింటి వైపు నుంచి వస్తాయట. ఇల్లు కట్టినప్పుడు వెనక వైపు కింద ఒక పైపు వేయించాననీ, అది చాలడం లేదనీ ఆయనే చెప్పాడు. ఇల్లు కూలగొట్టే మాట ఎవరూ ఎత్తలేదు. ఆ పైపు ఎంత వెడల్పు, దాని అవతల కాలువ ఎంత, రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు ఎంత పెరిగింది అన్న దాని మీదే ఎండ ఎక్కేదాకా మాటలు నడిచాయి. అప్పటికే ఆటోలు తిరిగి ముగ్గు సగం చెదిరింది. వార్డు సచివాలయం నుంచి ఒకమ్మాయి వచ్చి మేడ మీదికెక్కి మిగిలిన దాన్ని ఫోటోలు తీసుకుంది.

నేను పెసరట్టు ఉప్మా తిని (అరవై రూపాయలు, అల్లం పచ్చడి అడిగినంత) సంచి తీసుకోవడానికి తిరిగి వచ్చేసరికి మేడ యజమాని కొలత టేపు పట్టుకుని రోడ్డు మీద ఉన్నాడు. నీలిగీత తప్పు చోట ఉందనీ, పైపు తూర్పు గోడ కింద కాదు, మూడడుగులు ఇవతల ఉందనీ చెప్పి, టేపు రెండో కొస పట్టుకోమని పెద్దాయనను పిలిచాడు. అమ్మాయిలు పాత గీతను చీపురుతో తుడిచి కొత్తది గీశారు. సచివాలయం అమ్మాయి ఆ మూడడుగులనూ తన ఫోనులో రాసుకుంది.